వేరుగా ఉంటున్నట్టు

ఆ వానాకాలం మొదట్లో మా యూనివర్సిటీ నాకిచ్చే ఆర్థిక సహాయాన్ని సగానికి కోసేసింది. కారణం ఫోన్ తెర మీద ఒకే ఒక్క వాక్యంలో ఉంది: కుటుంబ ఆదాయం పెరిగినందున. ఎవరి కుటుంబం గురించి రాశారా అని మళ్ళీ చదివాను. మా గురించే.

నేను ఎమ్మెస్సీ రెండో ఏడాదిలోకి వస్తున్నాను. మందు కొట్టినా చావని దోమల మీద నా పని. ల్యాబ్‌లో ఉక్కపోతగా ఉండే చిన్న గదిలో, పళ్ళేల నిండా నీళ్ళు పోసి దోమపిల్లల్ని పెంచుతాను. వాటికి చేపల మేత పొడి చేసి చల్లాలి, నీళ్ళు మార్చాలి, రెక్కలొచ్చినవాటిని వలగూళ్ళలోకి పంపాలి. పండగైనా పబ్బమైనా రోజూ వెళ్ళాల్సిందే. "ఊరంతా డబ్బులు పెట్టి దోమల్ని చంపుకుంటుంటే, మా మరదలు డబ్బులు కట్టి పెంచుతోంది" అని బావ కనిపించినవాళ్ళందరికీ చెప్పేవాడు. నన్ను దోమలమ్మా అని పిలిచేవాడు.

బావ లిఫ్టు మెకానిక్. అంతకుముందు ఏడాది ఊళ్ళో కొత్త భవనాలు చాలా లేచాయి. చేతినిండా ఓవర్‌టైమ్ చేశాడు. ఆ ఓవర్‌టైమే ఇప్పుడు నా మెడకు చుట్టుకుంది. చిక్కేమిటంటే, బావ ఎండాకాలంలోనే ఇంట్లోంచి వెళ్ళిపోయాడు.

పెద్ద గొడవేం జరగలేదు. అక్కకూ బావకూ మధ్య గొడవపడే ఓపిక కూడా అయిపోయింది. మొదట మాటలు తగ్గాయి. తర్వాత ఒకరున్న గదిలోకి ఇంకొకరు రావడం తగ్గింది. ఒక ఆదివారం బావ బట్టల సంచీ, పనిముట్ల పెట్టె తీసుకుని గుమ్మంలో నిలబడి "కొన్నాళ్ళు కంపెనీ గదిలో ఉంటాను" అన్నాడు. అక్క "సరే" అంది. అంతే. వెళ్ళిపోయాడు అన్న మాట మా ఇంట్లో ఎవరమూ అనలేదు. పై వాటా పిన్నిగారు మీ ఆయన కనబడటం లేదేమని అడిగితే, "నైట్ డ్యూటీలు పడుతున్నాయండీ" అనేది అక్క. ఆవిడ మళ్ళీ అడిగేవారు, అక్క మళ్ళీ అదే చెప్పేది.

సహాయ విభాగంలో కౌంటర్ వెనక కూర్చున్నావిడ కళ్ళజోడు ముక్కు మీదికి జారిపోతోంది. మా అక్క చూసుంటే ముందు దాన్ని లాక్కుని మరలు బిగించేది. అక్కది కళ్ళజోళ్ళ కొట్టు.

"పోయినేడాది లెక్కలో ముగ్గురున్నారు," అందావిడ. "నువ్వు, మీ అక్క, వాళ్ళాయన. ఇద్దరు సంపాదించేవాళ్ళు. తగ్గించక ఏం చేస్తారు?"

"మా బావ ఇప్పుడు మాతో ఉండట్లేదండీ."

అనేశాక నా చెవులు వేడెక్కాయి. నా వెనక పెద్ద లైను ఉంది. అక్క అనని మాట, బావ అనని మాట, పేరు కూడా తెలియని ఒకావిడ ముందు నా నోట్లోంచి ఊడిపడింది.

"ఉండట్లేదంటే? పనిమీద వెళ్ళారా, వేరే ఉంటున్నారా?"

"వేరే."

"కోర్టులో ఏమైనా వేశారా?"

"లేదండీ."

"ఇంటికి డబ్బులు పంపుతున్నారా?"

"పంపారు. మా అక్క తిప్పి పంపించేసింది."

ఆవిడ కళ్ళజోడు పైకి తోసుకుని నన్ను చూసింది. "అడగాలి కాబట్టి అడుగుతున్నానమ్మా, ఏమీ అనుకోకు. పరిస్థితి మారిందని చెప్పి మళ్ళీ చూడమని కోరవచ్చు. నీలాగా వచ్చేవాళ్ళు చాలామందే ఉంటారు. కానీ భార్యాభర్తలు వేరుగా ఉంటున్నట్టు ఇద్దరూ రాసి సంతకం పెట్టాలి. మేము మీ అక్కకి ఫోన్ చేసి కూడా కనుక్కుంటాం. ఇదంతా రిజిస్ట్రేషన్ గడువులోపు జరగాలి."

"ఒకళ్ళే పెడితే?"

"పాత లెక్కే ఉంటుంది."

బయట సన్నగా వాన. గొడుగు చేతిలో ఉందన్న సంగతి కూడా మరిచిపోయి బస్‌స్టాపు దాకా తడుస్తూ వెళ్ళాను. బస్సులో కూర్చుని అక్కకెలా చెప్పాలా అని మాటలు కూర్చుకున్నాను. ఏ మాటతో మొదలుపెట్టినా అక్క మొహం ఎలా మారుతుందో ముందే కనిపించేది. అక్కడితో ఆపి ఇంకోలా మొదలుపెట్టేదాన్ని. అలా మా స్టాపు దాటిపోయింది.

మా ఇంటి ముందు గదే అక్క కొట్టు. గోడకు అక్షరాల బోర్డు, దానికెదురుగా ఎత్తు కుర్చీ, మూలన అద్దాలు అరగదీసే మెషీన్. నేను వెళ్ళేసరికి అక్క ఒక ఫ్రేములో మర బిగిస్తోంది. అంత చిన్న మరను పట్టుకున్నప్పుడు అక్క ఊపిరి కూడా ఆపేస్తుంది. అది బిగిశాక తలెత్తింది.

"తడిసి ముద్దయ్యావేమిటే? ఏమన్నారు?"

చెప్పాను. మధ్యలో ఆపితే మళ్ళీ మొదలుపెట్టలేనని గబగబా మొత్తం చెప్పేశాను.

అక్క ఫ్రేము కింద పెట్టింది. "మనింట్లో ఎవరుంటున్నారో వాళ్ళకెందుకు?"

"సాయం చేసేది వాళ్ళు కాబట్టి అక్కా."

"నువ్వేమని చెప్పొచ్చావు?"

"బావ వేరే ఉంటున్నాడని."

"నాతో ఒక్క మాటైనా అనకుండా, నా కాపురం సంగతి కౌంటర్లో చెప్పొచ్చావా?"

"మరి అబద్ధం చెప్పనా?"

"అబద్ధమెందుకు? పనిమీద ఉన్నాడు. పనయ్యాక వస్తాడు."

పిన్నిగారికి చెప్పే మాటే నాకూ చెబుతోంది. నాకు ఏడుపొచ్చింది, కోపమూ వచ్చింది. అమ్మ పోయాక నన్ను పెంచింది అక్కే. నా దగ్గర తను ఏదీ దాచుకోనక్కర్లేదనుకునేదాన్ని.

"నీ ఫీజు నేను చూసుకుంటాను," అంది కాసేపటికి. "అవసరమైతే ఆ మెషీన్ అమ్మేస్తాను."

"అమ్మేసి అద్దాలు దేంతో అరగదీస్తావు? పళ్ళతోనా?"

ఇంకెప్పుడైనా అయితే నవ్వేదే. "అదంతా నీకెందుకు? నువ్వు చదువుకో" అని లోపలికి వెళ్ళిపోయింది. ఆ రోజు నుంచి మా ఇంట్లో కూడా అవసరమైనంతే మాటలు మొదలయ్యాయి. ఇంతకుముందు బావతో ఉన్నట్టే నాతోనూ ఉంటోందని గుర్తుపట్టేసరికి భయమేసింది. ఇదెలా ముగుస్తుందో నేను ఒకసారి చూసి ఉన్నాను.

మా గైడ్ మేడమ్‌కు సంగతి చెప్పక తప్పలేదు. రిజిస్ట్రేషన్ కాకపోతే నా కార్డుతో ల్యాబ్ తలుపు తెరుచుకోదు. ఆవిడ పళ్ళెంలో ఈదుతున్న దోమపిల్లల్ని చూస్తూ నెమ్మదిగా అంది. "కుదరకపోతే ఒక ఏడాది ఆగు. తప్పేం లేదు. చాలామంది ఆగుతారు."

"మరి ఇవి మేడమ్?"

"వీటిని ఇంకొకళ్ళకి అప్పజెప్పాలి. ఇన్ని తరాలు కష్టపడి తెచ్చావు, వదిలెయ్యలేం కదా."

ఆవిడ మంచికే అంది. కానీ ఆ తర్వాత నా గది పక్కగా ఎవరు నడిచినా, నా దోమల్ని తీసుకోవడానికి వచ్చినవాళ్ళేనేమో అనిపించేది. ఫోన్ మోగితే ఉలిక్కిపడేదాన్ని, మోగకపోతే తీసి చూసేదాన్ని. గడువు దగ్గరపడుతున్నకొద్దీ ఇంకో ఆలోచన మొదలైంది. అక్క ఆ మాట అనకపోవడానికి కారణం, అనకుండా ఉన్నంతకాలం బావ తిరిగొచ్చే దారి ఒకటి ఉండటమేనేమో. నా చదువు కోసం ఆ దారి నేనే మూసెయ్యమంటున్నానేమో.

అయినా బావ దగ్గరికి వెళ్ళాను.

అప్పుడతను ఒక ఆసుపత్రిలో పనిచేస్తున్నాడు. కింది అంతస్తులో లిఫ్టు తలుపులు తీసి పెట్టి, అడ్డంగా తాడు కట్టారు. లోపల గోతిలోంచి టార్చి వెలుగు కదులుతోంది. "బావా" అని పిలిచాను. నూనె మరకల మొహం ఒకటి పైకి వచ్చింది.

"దోమలమ్మా! సరైన చోటికే వచ్చావు. ఇక్కడ వాన నీళ్ళు నిలిచాయి. నీ చుట్టాలు బోలెడుమంది ఉన్నారు, నన్ను పీక్కుతింటున్నారు."

నవ్వబోయాను. నవ్వు రాలేదు. అది చూసి బావ టార్చి ఆర్పేసి పైకెక్కాడు. మెట్ల మీద కూర్చున్నాం. చిక్కిపోయాడు. చేతులు తుడుచుకుంటూ నేను చెప్పిందంతా విన్నాడు.

"మీ అక్క అడగమందా?"

"లేదు. నేనొచ్చినట్టు తనకి తెలియదు."

"ఈ గోలంతా ఎందుకు? ఆ ఫీజు నేను కడతాను."

"అక్క ఒప్పుకోదు బావా. నువ్వు పంపింది ఏం చేసిందో తెలుసుగా."

తల ఊపాడు. నర్సు ఒకామె మమ్మల్ని దాటుకుని మెట్లెక్కింది. లిఫ్టు ఎప్పుడు బాగవుతుందని అడిగింది. "ఈరోజే అయిపోతుందమ్మా" అన్నాడు బావ. ఆమె వెళ్ళేదాకా ఆగి, గొంతు తగ్గించి మాట్లాడాడు.

"కంపెనీ గదిలో ఇప్పటికీ సంచీ విప్పలేదు, తెలుసా? పైనున్న రెండు చొక్కాలే ఉతుక్కుని వేసుకుంటున్నాను. ఒక్క ఫోన్ చేస్తుందేమో, వచ్చెయ్యమంటుందేమో అని. వేరుగా ఉంటున్నానని నా చేత్తో రాసి ఇస్తే, ఇక అయిపోయినట్టే కదా?"

"పోనీ నువ్వే ఫోన్ చెయ్యొచ్చుగా" అన్నాను.

"చేసి ఏం మాట్లాడను? ఇంట్లో ఉన్నప్పుడే దొరకలేదు మాటలు." పాతగుడ్డను మడిచి జేబులో పెట్టుకున్నాడు. "నీ చదువు ఆగకూడదు. అది నాకూ తెలుసు. కానీ మీ అక్క అనని మాట ముందు నేను రాయను. తను అంటే, ఆ రోజే రాసి తెస్తాను."

ఇంటికి వస్తూ దారిలో లెక్కగట్టుకున్నాను. బావ అక్క కోసం చూస్తున్నాడు. అక్క బావ కోసం చూస్తోంది. వాళ్ళిద్దరి కోసం నేను చూస్తున్నాను. గడువు మాత్రం ఎవరి కోసమూ చూడటం లేదు.

ఆ సాయంత్రం అక్కతో చెప్పేశాను. "బావని కలిశాను. నువ్వేమంటే అదేనన్నాడు. యూనివర్సిటీ నుంచి నీకు ఫోనొస్తుంది. నీకు ఏం చెప్పాలనిపిస్తే అది చెప్పు. ఉన్నాడని చెప్పినా నేనేమీ అనుకోను. ఏడాది ఆగుతాను."

"నేను ఫోనెత్తను," అంది అక్క. కాసేపు అక్కడే తచ్చాడి, "ఎలా ఉన్నాడు?" అంది.

"చిక్కిపోయాడు."

అక్క కొట్టు దీపం ఆర్పడానికి వెళ్ళింది.

గడువు ముగియబోయే వారంలో వచ్చిందా ఫోన్. వాన వల్ల ల్యాబ్ నుంచి తొందరగా వచ్చేశాను. కొట్లో పై వాటా పిన్నిగారు ఎత్తు కుర్చీలో కూర్చుని ఉన్నారు. ఆవిడ మొహానికి అద్దాలు మార్చి మార్చి చూసే ఇనప ఫ్రేము తగిలించి ఉంది. అక్క ఒక్కో అద్దం వేస్తూ "ఇది బాగుందా? ఇప్పుడు?" అని అడుగుతోంది. బల్ల మీద ఫోన్ మోగింది. తెలియని నంబరు. అక్క దాన్ని చూసింది, తర్వాత నన్ను చూసింది. నేను గుమ్మంలోనే ఆగిపోయాను. అది మోగుతూనే ఉంది.

"ఎవరో చూడమ్మా, నాకేం తొందర లేదు," అన్నారు పిన్నిగారు.

అక్క ఒక చేత్తో ఫోనెత్తింది. ఇంకో చేతిలో అద్దం అలాగే ఉంది.

"అవునండీ, నేనే. అవును, నా చెల్లెలే." కాసేపు విన్నది. "లేరండీ. ఎండాకాలం నుంచి లేరు... లేదు, పనిమీద కాదు. వేరే ఉంటున్నారు." మళ్ళీ విన్నది. "వస్తారా అంటే... రారండీ. నేను రమ్మని పిలవలేదు. పిలవను కూడా. సరే అండీ. సంతకం పెట్టి పంపిస్తాను."

ఫోన్ పెట్టేసింది. చేతిలో అద్దాన్ని చీర కొంగుతో ఒకసారి తుడిచింది. పిన్నిగారి ఫ్రేములో వేసింది. నేను చూస్తూనే ఉన్నాను.

"ఇప్పుడు చదవండి," అంది.

పిన్నిగారు వెంటనే చదవలేదు. ఒళ్ళో చేతులు రెండూ కలిపి పట్టుకుని కూర్చున్నారు. తర్వాత గొంతు సవరించుకుని, పై వరుస నుంచి మొదలుపెట్టి ఒక్కో అక్షరమే చదివారు. అడుగు వరుస దగ్గర ఒకటి తప్పు చదివితే అక్క అద్దం మార్చింది. ఆవిడ దాన్ని సరిగ్గా చదివారు. వెళ్ళేటప్పుడు నా భుజం మీద చెయ్యి వేసి, "సాయంత్రం ఇద్దరూ పైకి రండి. టీ తాగుదాం" అన్నారు. నైట్ డ్యూటీల గురించి ఆ తర్వాత ఎప్పుడూ అడగలేదు.

బావకు నేనే ఫోన్ చేశాను. "అక్క చెప్పేసింది" అన్నాను. అవతల ఎక్కడో లిఫ్టు తలుపులు మూసుకున్న శబ్దం వినిపించింది. "వస్తున్నాను" అన్నాడు.

తన ఇంటికి తను తలుపు తట్టి రావడం అదే మొదలు. జుట్టు దువ్వుకుని, ఉతికిన చొక్కా వేసుకుని వచ్చాడు. నేను తలుపు తీశాను. అక్క కొట్లోంచి వచ్చి బావను చూసింది. పెళ్ళయినప్పటి నుంచీ బావను 'నువ్వు' అనే పిలిచింది అక్క. కోపం వచ్చినా, నవ్వు వచ్చినా నువ్వే.

"కూర్చోండి," అంది.

బావ మొహం తెల్లబోయింది. కళ్ళజోడు కోసం వచ్చినవాడిలా ఆ ఎత్తు కుర్చీ అంచున కూర్చున్నాడు. జేబులోంచి కాగితం తీసి ఇచ్చాడు. అక్క నిలబడే చదివింది. నేను ఎటు చూడాలో తెలియక మెషీన్ వైపు చూస్తున్నాను. వద్దులే, చింపేద్దాం అని ఎవరో ఒకరు అంటారని అప్పటికీ ఎదురుచూశాను. అలా అంటే నా చదువు ఆగిపోతుంది. అయినా అనాలనే ఉంది నాకు.

"వేరుగాకి దీర్ఘం పెట్టలేదు," అంది అక్క. "ఇన్నేళ్ళొచ్చినా రాయడం రాలేదు నీకు."

బావ నవ్వాడు. అక్క కూడా కొంచెం నవ్వింది. పెన్ను ఇస్తే అక్కడికక్కడే దిద్దాడు. ఆ కాగితం మీదే కింద అక్క సంతకం పెట్టింది. తర్వాత ఇద్దరూ గ్యాస్ కనెక్షన్ గురించి, వానకు కారుతున్న వెనక గది గురించి కాసేపు మాట్లాడుకున్నారు. చాలా నెలల తర్వాత వాళ్ళిద్దరూ అంతసేపు మాట్లాడుకోవడం అదే. ఎక్కడా గొంతులు లేవలేదు. ఎవరూ ఎవరినీ ఉండమనలేదు. వెనక గది కప్పు మీద పగిలిన పెంకు మార్చి, అక్క ఇచ్చిన మంచినీళ్ళు తాగి, బావ వెళ్ళిపోయాడు. అతను వీధి మలుపు తిరిగేదాకా అక్క కిటికీ దగ్గరే ఉంది. తర్వాత వంటగదిలోకి వెళ్ళి చాలాసేపు గిన్నెలు తోమింది. నేను వెళ్ళి పక్కన నిలబడి, తోమినవాటిని కడిగాను.

"నా వల్లే కదా అక్కా," అన్నాను.

"పిచ్చిమాటలు మాట్లాడకు." చేతులు కడుక్కుని నా వైపు తిరిగింది. "అయిపోయిన దాన్ని అయిపోయిందని అనుకోలేక చస్తున్నాం ఇద్దరం. ఎవరో ఫోన్ చేసి అడిగారు, చెప్పాను. రోజూ ఆ పిన్నిగారికి డ్యూటీలు కల్పించి చెప్పడం కంటే ఇదే సుళువు."

ఆ రాత్రి చాలాకాలానికి అక్క గుర్రు వినిపించింది. నాకే నిద్ర పట్టలేదు.

కాగితం ఇచ్చాక కూడా కౌంటర్ ఆవిడ ఏ సంగతీ తేల్చలేదు. చూస్తారు, చెబుతారు అంది. గడువు చివరి రోజున దోమల నీళ్ళు మారుస్తుంటే కబురు వచ్చింది. తగ్గించిందంతా తిరిగి ఇవ్వలేదు గానీ, రిజిస్ట్రేషన్‌కు సరిపోయేంత ఇచ్చారు. చేతిలో పళ్ళెం పట్టుకునే మేడమ్ గదికి పరిగెత్తాను. "ముందు ఆ పళ్ళెం కింద పెట్టమ్మా, ఒలికిస్తే మనిద్దరం బతకం" అని ఆవిడ నవ్వింది. అక్కకు ఫోన్ చేస్తే, "ఊ, మంచిది. అన్నం తిన్నావా?" అంది. ఆ వెంటనే ఫోన్ పెట్టేసింది.

బావకు మాత్రం ఎదురుగా చెప్పాలనిపించింది. అప్పుడు ఊరి చివర కట్టుబడిలో ఉన్న ఒక భవనం దగ్గర పనిచేస్తున్నాడు. వానలు వెనకబట్టాయి. గేటు ముందు బురద ఇంకా ఆరలేదు. వాచ్‌మన్ నన్ను లోపలికి పోనివ్వలేదు. బావకు కబురు పంపితే హెల్మెట్ పెట్టుకుని వచ్చాడు. నా మొహం చూడగానే సంగతి అర్థమైపోయింది. "వచ్చిందా?" అన్నాడు. తల ఊపాను. ఆ సంతోషంలో తను బిగిస్తున్న కొత్త లిఫ్టు చూపిస్తాను రమ్మని నన్ను లోపలికి పిలిచాడు. వాచ్‌మన్ గేటుకు అడ్డంగానే నిలబడ్డాడు.

"బయటివాళ్ళని పంపొద్దని ఇంజినీరు గారి ఆర్డరు సార్. మనవాళ్ళయితే సరే. ఈ అమ్మాయి మీకేమవుతుంది?"

బావ నోరు తెరిచాడు. ఏమీ అనలేదు. నా వైపు చూసి, కళ్ళు దించుకుని, హెల్మెట్ తీసి చేతుల్లో అటూ ఇటూ తిప్పాడు.

"మరదల్ని," అన్నాను.

వాచ్‌మన్ గేటు తీశాడు. బావ ఆ హెల్మెట్ నా తల మీద పెట్టి, గడ్డం కింద బెల్టు బిగించి, మేకులుంటాయి, చూసి నడవమంటూ ముందుకు నడిచాడు.